నీ కొత్త టీవీ గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. తిట్టుకుంటూ ఉంటావని తెలుసు, తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే, పెద్దోడి పరీక్షలైపోయాయి. ఇక చాలు, మిగతావి కలిసినప్పుడు.

"43 అంగుళాల టీవీ ఇంత చవకగా ఎలా ఇచ్చాడ్రా" అని రాశావు చూడు, ఆ ముక్క కోసమే కూర్చున్నా. మొదటిసారి ఆన్ చేయగానే షరతుల పేజీలు వచ్చుంటాయి, కింద 'అన్నిటికీ ఒప్పుకుంటున్నాను' అని ఓ గడి. అవతల టాస్ వేసేస్తుంటే నువ్వు చదివుంటావా? టిక్కు కొట్టేసుంటావు. కిటుకంతా అక్కడే. దాని పేరు ఏసీఆర్ (ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్), అంటే తెరమీద ఏం ఆడుతోందో టీవీయే పసిగట్టడం. తెరమీద అక్కడక్కడా కొన్ని చుక్కల రంగులు తీసుకుని, వేలిముద్ర లాంటిది ఒకటి కట్టి కంపెనీ సర్వర్‌కి పంపుతుంది. అక్కడ కార్యక్రమాల ముద్రలన్నీ ముందే దాచి ఉంటాయి. రెండూ కలిస్తే చాలు, ఈ ఇంట్లో ఏం చూశారో, ఎంతసేపు చూశారో, ఏ ప్రకటన దగ్గర ఛానల్ తిప్పేశారో తెలిసిపోతుంది. మన కిటికీ కనకమ్మగారు నయం కదరా, ఆవిడ కనీసం పెసరట్లు పంపేది!

ఉత్తినే అనడం లేదు. అమెరికాలో విజియో అనే కంపెనీ 2014 నుంచి సుమారు 1.1 కోట్ల టీవీల్లో ఇదే పని చేసింది, సెకను సెకనూ. ఆ చూసిన లెక్కలకి ఐపీ అడ్రసు (ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు) జోడించి అమ్మింది. ఆ లెక్కలు కొన్నవాళ్లు వాటికి వయసూ, ఆదాయం, పెళ్లయిందా లేదా అన్నీ తగిలించుకున్నారు. 2017లో 22 లక్షల డాలర్లు కట్టి కేసు వదిలించుకుంది. 2021 నాటికి ఆ కంపెనీకే ఒక త్రైమాసికంలో టీవీల మీద కంటే ప్రకటనలు, డేటా వైపు రెట్టింపుకు పైగా స్థూల లాభం. చవక ఎందుకో తెలిసిందా, బేరాల రాయుడూ?

"నాది సెట్‌టాప్ బాక్స్, దానికేం తెలుసు" అంటావేమో. అక్కడే బోల్తా పడతావు. ముద్ర తీసేది తెరమీద కనిపించే బొమ్మని, కేబులా హెచ్‌డీఎంఐయా అని చూడదు. 2024లో యూరప్, అమెరికా పరిశోధకులు శాంసంగ్, ఎల్‌జీ టీవీలు పరీక్షించారు. ల్యాప్‌టాప్ తగిలించి ఉత్త మానిటర్‌లా వాడుకున్నా ముద్రలు వెళ్తూనే ఉన్నాయట. సెట్టింగ్స్‌లో ఆపేస్తే మాత్రం ఆగాయి. అంటే మందుంది.

నీది ఏ కంపెనీదో రాయలేదు, వెధవా. శాంసంగ్ అయితే సెట్టింగ్స్‌లో 'టర్మ్స్ అండ్ ప్రైవసీ'లోకి వెళ్లి 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్' తీసెయ్. ఎల్‌జీలో 'లైవ్ ప్లస్' ఆపు, జనరల్ కింద ఎక్కడో అడుగున దాస్తారు. సోనీల్లో కొన్నింట 'సాంబా' అని ఉంటుంది, ఇదే పని చేసేది, అదీ ఆపు (మన హాస్టల్ సాంబారు కాదు, ఇది ఇంకా పల్చన). గూగుల్ టీవీ అయితే ప్రైవసీ, యాడ్స్‌లో యాడ్ ఐడీ (ప్రకటనల వాళ్లు నీ టీవీని గుర్తుపట్టే నంబరు) డిలీట్ కొట్టు, డిలీట్ లేకపోతే రీసెట్. మెనూ పేర్లు మోడల్‌ని బట్టి మారతాయి. 'వ్యూయింగ్' అనో 'ఇంటరెస్ట్ బేస్డ్' అనో కనిపిస్తే అనుమానించు.

అంతటితో పీడ వదలదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడల్లా షరతులు మళ్లీ ముందుకు రావచ్చు, రిమోట్‌లో ఓకే నొక్కే అలవాటు మన వేళ్లకుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మొదటికొస్తుంది. అన్నిటికంటే గట్టిది వైఫై ఇవ్వకపోవడం. అసలివ్వకు. ఒకసారి ఇచ్చుంటే 'ఫర్గెట్' కొట్టు. అప్‌డేట్ కావాలంటే చాలా మోడళ్లకి పెన్‌డ్రైవ్‌తో పెట్టుకోవచ్చు. యాప్‌లకి వేరే స్ట్రీమింగ్ స్టిక్ తగిలించుకుంటావా, తగిలించు, కానీ అదీ దాని లెక్క అది రాసుకుంటుంది, దాని సెట్టింగ్సూ విడిగా చూడు.

డబ్బులు పోసి కొన్న వస్తువుని మన ఇంట్లో మనమే కాపలా కాయాలంటే నాకు ఒళ్లు మండిపోతుందిరా. మొన్న ఫ్రిజ్‌కి కూడా వైఫై అని... సరే, అది వద్దు, రాస్తే తెల్లారుతుంది.

ఇంకోటి, రౌటర్‌లోనే ఆ సర్వర్ల పేర్లు అడ్డుకోవచ్చు, డీఎన్ఎస్ (సర్వర్ పేరు చెప్తే దాని అడ్రసు వెతికిచ్చేది) మార్చి. కాకపోతే కొన్ని టీవీలు రౌటర్ చెప్పింది వినకుండా సొంత డీఎన్ఎస్ వాడతాయి, అప్పుడు ఏం చేయాలంటే... అదిగో, గ్యాసు బండవాడు గేటు బాదుతున్నాడు, చిల్లర లేదు. మళ్లీ రాస్తా. ముందు వైఫై తీసెయ్!

నీ
గుండు