కొర్రమట్ట లెక్క

అరేయ్ శ్రీనూ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు నువ్వు ఎన్ని తిట్టినా పడతా. యాసంగి వడ్లు కాంటా అయిపోయాయి, బాపు మోకాళ్ల నొప్పి అట్లనే ఉంది, చెల్లెకు సంబంధాలు చూస్తున్నాం. ఇక అసలు సంగతి.

మొన్న మన చెరువులో చేపలు పట్టారు. బొచ్చెలు, రవ్వలు కుప్పలు కుప్పలు! కొర్రమట్టలు మాత్రం ఒక్క తట్టలో సగం. రేటు వింటే గుండె ఆగింది. అయినా ఒకటి కొన్నా. కోస్తే కడుపులో పరక అనే చిన్న చేపల పిల్లలు, ఒకదాని పొలుసులు ఇంకా తళతళ మెరుస్తున్నాయి. అప్పుడు వెలిగింది, డిగ్రీలో మనం బట్టీ పట్టిన పర్యావరణ శాస్త్రవేత్త లిండెమన్!

గుర్తుందా, అమెరికాలో మిన్నెసోటాలోని ఓ చిన్న చెరువును పట్టుకుని లెక్కలు తీశాడు. 1942లో ఆ వ్యాసం అచ్చయ్యేలోపే పాపం చనిపోయాడు, 27 ఏళ్లు కూడా నిండలేదు. నీటిలోని నాచు ఎండతో 1000 పాళ్లు శక్తి కూడబెడితే, దాన్ని తినే సన్న పురుగులకు దక్కేది సుమారు 100, వాటిని తినే పరకలకు 10, పరకను మింగే కొర్రమట్టకు 1. మిగతాదాంట్లో చాలావరకు ఊపిరికీ ఈతకూ ఖర్చయి వేడిగా పోతుంది, కొంత తినకుండానే మిగిలిపోతుంది. పోయిన వేడి మళ్లీ రాదు. రవ్వ నాచు దగ్గరే తింటుంది కాబట్టి దానికి నష్టం తక్కువ, అందుకే అవి కుప్పలు, కొర్రమట్టలు సగం తట్ట.

మత్స్యకారుల సొసైటీ వాళ్లు బొచ్చె, రవ్వ పిల్లలే వదులుతారు కదరా అంటావు. నిజమే. కానీ కొర్రమట్టలే వదిలితే వాటికి మేత ఎక్కడిది? ఒకటి పెరగాలంటే ఎన్ని పరకలు కావాలో...

ఇంకో ముచ్చట. నీళ్లు తగ్గిన పక్క జేసీబీ పెట్టి ఒండ్రు తీస్తున్నారు. మేమూ మూడెకరాల పత్తి చేనుకు తోలించాం. నల్లగా, పిడికిట్లో పడితే జారే మట్టి, మధ్యమధ్య నత్త గుల్లలు. బాపు అయితే వాసన చూసి మరీ దింపించాడు! ఆలోచించు, పైసలు పోసి కొన్న డీఏపీ ఎరువులోని భాస్వరం కొంత వానకు కొట్టుకుపోయి చెరువు చేరింది. నాచు తాగింది, చచ్చి అడుక్కు దిగింది, ఇప్పుడు ట్రాక్టరెక్కి మా చేనుకే వచ్చింది. నత్రజని అయితే గాలిలోంచైనా దొరుకుతుంది, భాస్వరానికి ఆ దారి లేదు. మట్టిలో ఉన్నదే తిరగాలి. అందులోనూ కొంత పట్నం పోతోంది, చేపల ముల్లుల్లో. నువ్వు హైదరాబాద్‌లో పారేసే ముల్లులో మా చేను భాస్వరం ఉందిరా, ఖరీదు కట్టి పంపు!

కాకతీయుల పాకాల చెరువు 1213లో కట్టారంటారు కదా, అప్పటి నుంచి ఎంత ఒండ్రు ఎన్ని చేన్లకు... సరే, అది రాస్తే తెల్లారుతుంది. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైన 2015లో మట్టి ఊరికే వచ్చిందని మురిసినవాళ్లంతా ఇప్పుడు ట్రాక్టరు కిరాయి చూసి నోరు మూసుకున్నారు. అయినా నాకు గిట్టుబాటే అనిపిస్తోంది. నీకేమనిపిస్తుందో రాయి, మన ‘జీరో మార్కుల’ సార్ ఉంటే

బయట హారన్ కొడుతున్నాడు, ఆఖరి ట్రిప్పు వచ్చింది. దింపించాలి.

నీ రాజు