డాబా వాటర్‌ప్రూఫింగ్, ఏడాది పొడవునా నిర్వహణ ఒప్పందం అమలుపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజరు గారికి,

అమలాపురం దగ్గరి మా ఇంటి డాబాకు మీ సంస్థ వాటర్‌ప్రూఫింగ్ చేసింది. పూతకు అయిదేళ్ల గ్యారంటీ అని, ఏడాది పొడవునా నిర్వహణ బాధ్యత కూడా మీదేనని ఒప్పందంలో రాశారు. రెండో వానాకాలానికే వంటగది పైకప్పు పెచ్చులు ఊడిపోయి, శ్లాబులోని ఇనుప చువ్వల వెంట తుప్పు మరకలు దిగుతున్నాయి. డాబా మీద నీరు నిలిచినందువల్ల గ్యారంటీ వర్తించదని మీ ప్రాంతీయ కార్యాలయం జవాబిచ్చింది. ఆ జవాబును నేను అంగీకరించడం లేదు.

మనం సంతకాలు చేసింది ఫిబ్రవరిలో. కోనసీమలో డాబా పనికి అంతకన్నా అనువైన కాలం లేదు. సంక్రాంతి దాటాక మంచు తగ్గుతుంది, శ్లాబు లోపలి దాకా ఆరుతుంది. అంత వ్యవధి ఉండగా మీ పనివాళ్లు వచ్చింది జూలైలో, ముసురు పట్టిన రోజుల్లో. పొద్దున పడిన జల్లు ఆరకముందే నాచును చీపురుతో ఊడ్చి, పూతకు ముందు వేసే ప్రైమరు కొట్టేశారు. తడిగా ఉంది, ఆగండని ఇంట్లో అందరం చెప్పాం. ఎండ వస్తే అదే ఆరిపోతుందన్నారు. పొడి ఉపరితలం మీదే వేయాలని మీ డబ్బా మీదే ముద్రించి ఉంది!

దాని ఫలితం మరుసటి వేసవిలో బయటపడింది. శ్లాబులో చిక్కుకున్న చెమ్మ ఎండకు ఆవిరై, పూతను అప్పడంలా పొంగించింది. పొంగిన చోటల్లా చిట్లింది. చిట్లిన చోట దిగిన వాన నీరు పూత కిందే పాకి, ఎక్కడో వంటగదిలో తేలింది. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. సముద్రం మీది ఉప్పు గాలి తగిలే మా ఊళ్లలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. పూతే లేకుంటే చెమ్మ పైకి ఆరిపోయేది. మీ పూత దాన్ని లోపలే బంధించింది.

ఇక నీరు నిలవడం సంగతి. పని మొదలుపెట్టక ముందు మీ ఇంజనీరు డాబా కొలిచి, వాలు సరిపోతుందని రాసిచ్చారు. ఆ కాగితం నా దగ్గర ఉంది. నూరడుగులకు కనీసం అడుగు వాలు ఉండాలని మీ కరపత్రమే చెబుతుంది. వాలు లేకపోతే ముందే సరిచేయాల్సింది మీరు. నీరు దిగే గొట్టాల్లో కొబ్బరి ఆకులు, చెత్త చేరకుండా మేం ఎప్పటికప్పుడు తీయిస్తూనే ఉన్నాం.

నిర్వహణ పేరుతో డబ్బు తీసుకున్నాక ఒక్కసారి కూడా ఎవరూ డాబా ఎక్కలేదు. మా డాబాకు ప్రతి కాలంలోనూ పని ఉంటుంది. రోహిణి ఎండలకు శ్లాబు పగలు సాగి, రాత్రి ముడుచుకుంటుంది. పిట్టగోడ అంచున సన్నని పగుళ్లు వచ్చేది అప్పుడే. వాటిని నైరుతి వానల లోపే పూడ్చాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం. గాలి వానను అడ్డంగా కొట్టి ఆ అంచులోకే తోస్తుంది కాబట్టి సెప్టెంబరులో మరోసారి చూడాలి. 1996 నవంబరు తుఫానుకు మా ఇంటి పెంకులు ఎగిరిపోయాకే శ్లాబు వేయించుకున్నాం. ఆ శ్లాబు కింద పడుకోవడానికి మా అమ్మ ఇప్పుడు భయపడుతోంది.

నేను కోరేది ఇది. ఈ పూతను పూర్తిగా గీకించాలి. తుప్పు పట్టిన చువ్వలను శుభ్రం చేసి, పెచ్చులు ఊడిన చోట మరమ్మతు చేయాలి. వాలు సరిచేసి, శ్లాబు ఆరిందని చెమ్మ కొలిచే మీటరుతో చూపించాక, జనవరి, మార్చి మధ్యలో కొత్త పూత వేయాలి. తర్వాత మా ఎదుట డాబా మీద నీళ్లు కట్టి 48 గంటలు ఉంచి చూడాలి. ఖర్చంతా మీదే. నిర్వహణకు ఏయే నెలలో వస్తారో రాసివ్వాలి, రాని ఏడాది సొమ్ము తిరిగి ఇవ్వాలి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేదంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసే హక్కు ఆ చట్టం ఇచ్చింది. ఒప్పందం, ఇంజనీరు నివేదిక, రసీదుల నకళ్లు, పైకప్పు ఫొటోలు జతపరిచాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
అమలాపురం మండలం, కోనసీమ