బాక్‌ఫెస్ట్ బజ్జీల గురించి మా దుకాణానికి వచ్చే వారికి

అందరికీ నమస్కారం. మార్చి మొదటి వారాంతంలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటిలోని మన ఓవర్-ద-రైన్ (అంటే ‘రైన్ అవతల’) పేటలో బాక్‌ఫెస్ట్ అనే బీరు పండుగ జరుగుతుంది. ఆ మూడు రోజులూ మా టిఫిన్ దుకాణం వేళలు, వంటకాలు మారతాయి. అవి తెలియజేసే ముందు, పోయిన ఏడాది ఇదే పండుగలో మా వల్ల జరిగిన ఒక తప్పును ఒప్పుకోవలసి ఉంది. ఇంతకాలం అడిగిన వారికి చెబుతూ వచ్చామే గానీ, అడగని వారికి చెప్పలేదు.

నగర శివార్లలోని మేసన్ నుంచి, వెస్ట్ చెస్టర్ నుంచి వారాంతాల్లో ఇడ్లీకి వచ్చే కుటుంబాల్లో చాలామందికి ఈ పండుగ సంగతి తెలియదు కనుక ముందు అది కొంత చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ స్థిరపడిన జర్మన్లు, ఈ పేటకూ నగర కేంద్రానికీ నడుమ ఉన్న మయామీ-ఈరీ కాలువను సరదాగా తమ దేశపు రైన్ నది అనేవారు. కాలువ దాటి వస్తే రైన్ దాటినట్టే కనుక పేటకు ఆ పేరే స్థిరపడింది. ఇప్పుడు ఆ కాలువ మీద సెంట్రల్ పార్క్‌వే రోడ్డు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ మాట వింటేనే గిట్టక 1918లో వీధుల పేర్లు మార్చేశారు. మనం రిపబ్లిక్ స్ట్రీట్ అంటున్నది అప్పటి బ్రెమెన్ స్ట్రీట్. 1920లో మద్యనిషేధం వచ్చి బీరు కర్మాగారాలు దెబ్బతిన్నాయి గానీ, చల్లదనం కోసం నేల కింద కట్టిన రాతి కమానుల గదులు కొన్ని ఇంకా ఉన్నాయి, పండుగ రోజుల్లో వాటిని తిప్పి చూపిస్తారు కూడా.

బాక్ అనేది చలికాలమంతా చల్లటి గదిలో ఊరి, వసంతం వచ్చేసరికి తాగడానికి సిద్ధమయ్యే చిక్కటి బీరు. మామూలు బీరు కంటే ఘాటెక్కువ, కాల్చిన రొట్టె వాసన వస్తుంది. జర్మనీలోని ఐన్‌బెక్ ఊరి పేరు బవేరియా వారి నోట ‘ఐన్ బాక్’ అయిందనీ, ఆ మాటకు ‘ఒక మేకపోతు’ అన్న అర్థం ఉండటంతో మేక దీని గుర్తయిందనీ అంటారు. అందుకే శుక్రవారం సాయంత్రం, 1861 నాటి ఆర్నాల్డ్స్ అనే పానశాల దగ్గర మొదలయ్యే ఊరేగింపుకు ముందు బీరు పీపాను ఒక మేక లాగుతుంది. మన పిల్లలు ఆ మేకను చూడటానికే వస్తారు. బజ్జీలు పెద్దవాళ్ల సాకు.

ఇక తప్పు సంగతి. పోయిన ఏడాది మిరపకాయ బజ్జీల పిండిని నీళ్లకు బదులు బాక్ బీరుతో కలిపాం. శనగపిండిలో కాస్త బియ్యప్పిండి, వాము వేసి చల్లటి బీరు పోస్తే, అందులోని నురగ వల్ల పై పొర చిటపటలాడుతూ పొంగి, పంటి కింద విరిగేంత కరకరలాడింది. రుచి విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు. కానీ ‘బాక్ బజ్జీ’ అని ఇంగ్లీషులో రాసిన చీటీని గల్లా పక్కన, చట్నీ గిన్నెల వెనకాల అంటించి, చెప్పాల్సింది చెప్పేశామనుకున్నాం. ఎప్పుడూ వచ్చే ఒక కుటుంబంతో గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ నాలుగు బజ్జీలు మెచ్చుకుంటూ తిని, ఐదోది చేతిలో ఉండగా, ఆ రుచి ఎలా వచ్చిందని అడిగారు. నేను గొప్పగా చెప్పాను. ఆవిడ ఆ బజ్జీని పళ్లెంలో పెట్టేసి, “చెబితే తినకపోయేదాన్ని, అంతే కదా నాయనా. చెప్పకుండా ఎందుకు పెట్టావు?” అన్నారు. వేగితే మద్యం అంతా పోతుందని నేను సర్దిచెప్పబోయాను. అది నిజం కాదు. రెండు మూడు నిమిషాల వేపుడులో కొంత మిగిలే ఉంటుంది.

అంతకంటే సిగ్గుపడవలసిన విషయం మరొకటి ఉంది. చాలా ఏళ్లు ఈ పండుగ ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసకాలంలో పడుతుంది. ఆ శుక్రవారం మాంసం ముట్టని క్యాథలిక్కులు మా దగ్గరకు వచ్చి, బజ్జీల్లో మాంసంగానీ కొవ్వుగానీ తగిలిందా అని అడిగితే, నూనె డబ్బా తెచ్చి మరీ చూపించాం. వాళ్ల నియమానికి అంత జాగ్రత్త పడ్డవాళ్లం మనవాళ్ల నియమం మరిచిపోయాం. మరునాడు గారెలు వేయించింది కూడా ఆ మూకుడులోని నూనెతోనే. మద్యం ముట్టని వారెవరైనా ఆ రెండు రోజుల్లో మా దగ్గర తిని ఉంటే, క్షమించమని అడుగుతున్నాను. డబ్బు తిరిగి కావాలన్నా బిల్లు చూపించనక్కరలేదు.

బీరు బజ్జీని పూర్తిగా మానేయమని ఇంట్లో గట్టిగానే అన్నారు. మానడం లేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచుకు బేరాలు పడిపోతాయి, అద్దె మాత్రం పడిపోదు. ఆ బజ్జీ కోసం ఊరేగింపులోంచి వచ్చే జనమే ఆ లోటు పూడుస్తారు. అందుకని దాన్ని దుకాణం బయట వేరే బల్ల మీద, వేరే పొయ్యి, వేరే మూకుడుతో, వేరే మనిషి వేస్తాడు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ‘ఇందులో బీరు ఉంది’ అని పెద్ద అక్షరాల పలక ఉంటుంది. లోపల వేసేవన్నీ నీళ్లు, వంటసోడాతో కలిపినవే. బయటి గరిట లోపలికి రాదు, మిగిలిన నూనెను ఆ రాత్రే పారబోస్తాం.

శుక్రవారం మధ్యాహ్నం మూడు వరకే మామూలు టిఫిన్లు ఉంటాయి. ఆ తర్వాత బజ్జీలు, పునుగులు, టీ మాత్రమే. ఒక్క పెనం మీద అంతమందికి దోసెలు వేయలేమని పోయిన ఏడాదే తేలిపోయింది. శనివారం ఉదయం పదకొండు వరకు ఇడ్లీ, గారె దొరుకుతాయి. ఆదివారం సెలవు, ఇడ్లీ కోసం అంత దూరం నుంచి బయలుదేరవద్దు. ఊరేగింపు సమయంలో మా వీధిలోకి కారు రావడం కష్టం కనుక, పిల్లలకు మేకను చూపించాలనుకునేవారు కాస్త ముందే వచ్చి, కారు దూరంగా ఆపుకుని నడిచి రావడం మంచిది.