కమిలిన మచ్చే కదా అనుకున్నాం

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో క్యాన్సర్ లక్షణాల మీద ఫుల్ పేజీ వేశారు. గడ్డ, మానని పుండు, తగ్గని దగ్గు అన్నీ ఉన్నాయి గానీ కమిలిన మచ్చ లేదు. మా నాన్నగారికి వచ్చింది అదే.

ఆయనకి 74 ఏళ్లు. నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట రూపాయి బిళ్లంత మచ్చ, నేరేడు పండు రంగులో. నొప్పి లేదు, చేతికి గడ్డా తగల్లేదు. బీరువా తలుపు తగిలుంటుందిలే అన్నారాయన, మేమూ అదే అనుకున్నాం. చర్మం డాక్టరుగారు ఒక ఆయింట్‌మెంట్ రాశారు, తగ్గలేదంటే ఇంకోటి రాశారు. చివరికి సెలూన్ అబ్బాయి దువ్వెన ఆపి, "పోయిన నెల ఇది చెవి దాకా లేదండి" అన్నాడు. అప్పటికి అయిదు నెలలు. ముక్క తీసి పరీక్షకు పంపితే యాంజియోసార్కోమా అని తేలింది. రక్తనాళాల లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ అది. పైకి కనిపించేదానికన్నా చర్మం కింద ఎక్కువ పాకుతుందట, అందుకే ఆపరేషన్ చేసినా మొత్తం తీశామని చెప్పడం కష్టం.

కండ, కొవ్వు, రక్తనాళాల్లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లను సార్కోమాలంటారు. అవే అరుదు, వాటిలో ఇది నూటికి ఒకటో రెండో. డాక్టర్లు చాలామంది సర్వీసంతా చూడకపోవచ్చు కూడా, కాబట్టి వాళ్లను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు (ఆ అయిదు నెలల కోపం పోయిందని మాత్రం అనను). కానీ ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో తెలిసినదే కదా. పెద్దవాళ్లకు తల మీద, ముఖం మీద. రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లకు కొన్నేళ్ల తర్వాత అదే చోట. రొమ్ము ఆపరేషన్ తర్వాత చెయ్యి ఏళ్ల తరబడి వాచి ఉంటే అక్కడ రావచ్చని అమెరికాలో స్టీవార్ట్, ట్రీవ్స్ అనే డాక్టర్లు 1948లోనే రాశారు. ఎప్పుడో ఒకటీ అరా బోదకాలు మీద కూడా వస్తుంది. మన దగ్గర బోదకాలు ఉన్నవాళ్ల ఇళ్లకి సిబ్బంది ఎలాగూ వెళ్తుంటారు, "కాలి మీద కొత్తగా ఊదా మచ్చ ఏమైనా వచ్చిందా అమ్మా" అని ఒక్క మాట అడిగితే ఖర్చేముంది? రేడియేషన్ అయ్యాక ఇచ్చే డిశ్చార్జి కాగితం మీద తెలుగులో ఒక లైను వేయలేరా?

మామూలుగా కమిలితే పచ్చబడి, పసుపు రంగుకి తిరిగి రెండు మూడు వారాల్లో పోతుంది. పోకుండా పాకుతుంటే ఆయింట్‌మెంట్ మార్చడం కాదు, ముక్క తీసి పరీక్ష (బయాప్సీ) చేయించాలి.

ఈసారి ఆ పేజీ వేసినప్పుడు మచ్చ ఫోటో కూడా వేయండి. నాన్నగారు తన ఫోటో ఇస్తానన్నారు, కళ్లు మాత్రం కనపడకుండా చూడమన్నారు.

— ఒక పాఠకురాలు, కాకినాడ