చేయి వణుకుతోందా? ముందు మందుల సంచి చూడండి

సంపాదకులకు,

చేతులు వణుకుతున్నాయనగానే మన ఇళ్లలో వినిపించేవి రెండే మాటలు: ‘వయసు పైబడింది’, కాదంటే ‘పార్కిన్సన్స్ వచ్చింది’. రెండూ తొందరపాటే. వణుకు ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

చేతులు ఒళ్లో వదిలేసి, 100 నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమనండి. ధ్యాస లెక్క మీదికి పోగానే ఒక చేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రను నలుపుతున్నట్టు కదిలినా, నడకలో ఆ చేయి ఊగకపోయినా, రాసేకొద్దీ అక్షరాలు చిన్నవైపోతున్నా పార్కిన్సన్స్‌ను అనుమానించాలి. అలాకాక ఒళ్లో నిలకడగా ఉండి, ఇరానీ చాయ్ కప్పు ఎత్తేటప్పుడో సంతకం పెట్టేటప్పుడో రెండు చేతులూ వణికితే అది ఎక్కువగా ఎసెన్షియల్ ట్రెమర్, అంటే పార్కిన్సన్స్ కాని, పని చేసేటప్పుడు వచ్చే వణుకు. తల్లికో తండ్రికో కూడా ఉండటం మామూలే. ప్రొప్రనలాల్‌తో చాలామందికి తగ్గుతుంది కానీ ఆస్తమా ఉన్నవారు దాని జోలికి పోకూడదు. పక్కింటివారి చీటీ చూసి కొనేవారికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

వణుకుతోపాటు హఠాత్తుగా మూతి వంకరపోయినా, మాట తడబడినా, చేయి పడిపోయినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కు ఫోన్ చేయాలి. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. షుగర్ మందులు వాడేవారికి చెమటలతో వణుకు వస్తే గ్లూకోజ్ చూడండి. 70 కంటే తక్కువుంటే, స్పృహలో ఉన్నప్పుడే 15 గ్రాముల పంచదార ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. రోజూ తాగేవారు ఉన్నట్టుండి మానేశాక వణుకుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఆస్పత్రికే తీసుకెళ్లాలి.

ఇక ఎవరూ పట్టించుకోనివి మందులు. గ్యాస్‌కు రాసే పాంటోప్రజోల్, రాబెప్రజోల్ క్యాప్సూళ్లలో కొన్నింటిలో లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. కళ్లు తిరుగుతున్నాయని సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, వాంతులకు మెటోక్లోప్రమైడ్ వాడతారు. లెవోసల్పిరైడ్‌తో కలిపి ఈ నాలుగూ మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం పనికి అడ్డుపడేవే. కొద్దిరోజులకని రాసిన చీటీతోనే నెలల తరబడి కొనుక్కుంటూ పోతే, ముఖ్యంగా పెద్దవాళ్లలో, అచ్చం పార్కిన్సన్స్‌లాగే వణుకు, బిగుసుకుపోవడం మొదలవుతాయి. మందు ఆపాక తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆస్తమాకిచ్చే సాల్బుటమాల్, మానసిక జబ్బులకిచ్చే లిథియం, మూర్ఛకిచ్చే వాల్‌ప్రోయేట్ కూడా చేతులు వణికిస్తాయి. అలాగని సొంతంగా ఆపకండి. వాల్‌ప్రోయేట్ ఆపితే ఫిట్స్ తిరగబెట్టవచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న స్ట్రిప్పులన్నీ, ఫోన్‌లో తీసిన వణుకు వీడియో పట్టుకెళ్లండి. స్కాన్ కన్నా ముందు థైరాయిడ్ పరీక్ష అడగండి. 40 ఏళ్ల లోపువారికైతే ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి కోసం సెరులోప్లాస్మిన్ అనే రక్తపరీక్ష కూడా చూస్తారు. మందుల షాపులవారు పాత చీటీకి గ్యాస్ క్యాప్సూళ్లు ఇచ్చేటప్పుడు, ఎన్నాళ్లుగా వాడుతున్నారని ఒక్కమాట అడగాలని మనవి.

– ఒక న్యూరాలజీ వైద్యుడు, హైదరాబాద్