మనవాళ్ల గదే దొరకాలని పట్టుబట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు దగ్గర పడుతోంది. అమలాపురం, ముమ్మిడివరం చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్లినా వీసా, బ్యాంకు లోను, సూట్‌కేసు బరువు, ఇవే మాటలు. మొన్న మా వీధి చివరి ఇంటావిడ వచ్చారు. వాళ్లబ్బాయి నేను చదివిన ఊరికే వెళ్తున్నాడట. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ మనవాళ్ల రూమ్ ఏదైనా ఉందా అమ్మా?" రెండోది, "ఆ దేశం వాళ్లింట్లో అయితే వీడికి తిండి సాగదు కదూ?" గుమ్మంలో నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పగలిగింది కాదు. ఆవిడలాగే టెన్షన్ పడుతున్న తల్లులు మీ పత్రిక చదువుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది కాట్రేనికోన మండలం. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ అయ్యాక 2022లో నెదర్లాండ్స్‌లోని మిడెల్‌బర్గ్ వెళ్లాను, నీటి నిర్వహణ చదవడానికి. జేలాండ్ ప్రాంతం అది. మన కోనసీమలాగే నదులు సముద్రంలో కలిసేచోట ఉన్న లంకల నేల. మన ఏటిగట్లలాంటి గట్లు, మన లాకుల్లాంటి లాకులు అక్కడా ఉన్నాయి. ఇక్కడి కన్సల్టెన్సీ వాళ్లు "రూమ్ సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. టికెట్టు కొన్నాక ఒక వాట్సాప్ గ్రూపు లింకు పంపి ఊరుకున్నారు. ఆ దేశంలో విద్యార్థులకు గదుల కరువు ఎంతంటే, ఉండడానికి చోటు దొరక్కపోతే రావద్దని యూనివర్సిటీలే ముందుగా చెబుతుంటాయి. ఈ మాట నాకు ఇక్కడ ఒక్కరూ చెప్పలేదు. రోటర్‌డామ్‌లో మనవాళ్ల గదిలో ఐదో మనిషిగా నేలమీద పరుపు వేసుకుని 12 రోజులున్నాను. వాళ్లు నన్ను బాగానే చూసుకున్నారు, ఆ రుణం మరిచిపోను. కానీ ఆ 12 రోజుల్లో ఆ దేశం మనిషితో బస్సు టికెట్టు గురించి తప్ప నేనేమీ మాట్లాడలేదు.

తర్వాత కాలేజీ నోటీసు బోర్డులో 'హోస్పిటా' అన్న మాట కనిపించింది. సొంత ఇంట్లో ఒక గది విద్యార్థికి అద్దెకిచ్చి, తానూ ఆ ఇంట్లోనే ఉండే మనిషిని అక్కడ అలా అంటారు. నాకు దొరికిన హోస్పిటా 78 ఏళ్ల పెద్దావిడ. పేరు పెట్టి పిలవమన్నారు. నాకు నోరు రాలేదు. మీ భాషలో నాయనమ్మను ఏమంటారని అడిగితే "ఓమా" అన్నారు. ఆ పిలుపే ఖాయమైంది.

మొదటి సాయంత్రం సరిగ్గా ఆరింటికి భోజనం. ఉడకబెట్టిన బంగాళాదుంపలు, చిక్కుళ్లు, ఒక గుడ్డు. ఇంకో దుంప వేయనా అని అడిగారు. ఆకలి దంచేస్తున్నా అలవాటు కొద్దీ "వద్దండీ, చాలు" అన్నాను. మనింట్లో అయితే రెండోసారి అడుగుతారు, మూడోసారి అడక్కుండానే విస్తట్లో వేసేస్తారు. ఆవిడ గిన్నె మీద మూత పెట్టేశారు. ఇలా పది రోజులు సాగింది. నేను ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తుంటే విని, ఏమైందని అడిగారు. చెప్పాను. ఆవిడ నిర్ఘాంతపోయారు. "నీ కడుపులో ఎంత ఖాళీ ఉందో నాకెలా తెలుస్తుంది? కావాలంటే కావాలని చెప్పు" అన్నారు. ఆ రాత్రి మళ్లీ పొయ్యి వెలిగించి దుంపలు వేయించారు. ఆరు దాటాక ఆ ఇంట్లో పొయ్యి వెలగడం అదే మొదటిసారని తర్వాత ఆవిడ కూతురు చెప్పింది.

నేనూ ఆవిణ్ణి ఇబ్బంది పెట్టాను. బుధవారం వంట నాది. ఒకసారి అడక్కుండా ఇంకో గరిటె పప్పు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డంపెట్టి "నేను అడగలేదు" అన్నారు. ఆ రోజు నాకు బాధేసింది. కొసరి వడ్డించడమే ప్రేమ అనుకుంటూ పెరిగినదాన్ని. వద్దన్న మాటను నమ్మడం కూడా ఎదుటి మనిషిని గౌరవించడమేనని ఆవిడ దగ్గరే తెలిసింది. చారు మాత్రం ఆవిడే అడిగి కాఫీ కప్పులో పోయించుకుని తాగేవారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నేను వెళ్లిన చదువులో సగం ఆ వంటింటి బల్ల దగ్గరే దొరికింది. నేనున్నప్పుడు అక్కడ ప్రతి నెలా మొదటి సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు దేశమంతా ప్రమాద హెచ్చరిక సైరన్లు పరీక్షించేవారు. మొదటిసారి విని నేను వణికిపోయాను. ఆవిడ రొట్టె కోస్తూ కోస్తూ "పరీక్షే, కూర్చో" అన్నారు. కాసేపాగి, "1953లో మాకు ఇది మోగలేదు" అన్నారు. జనవరి 31 శనివారం రాత్రి తుపాను. రాత్రిపూట రేడియో ప్రసారాలు లేని రోజులు, ఊళ్లన్నీ నిద్రలో ఉన్నాయి. తెల్లవారేలోగా గట్లు తెగాయి. ఆదివారం మధ్యాహ్నం రెండో పోటు ఇంకా పైకొచ్చింది. అప్పటికి ఎనిమిదేళ్ల పిల్ల అయిన ఓమా రెండు రాత్రులు అటక మీద, తమ్ముడి చెయ్యి వదలకుండా. ఆ వరదలో ఆ దేశంలో 1,836 మంది పోయారు.

ఆ వరదకు 70 ఏళ్లు నిండిన 2023లో నన్ను ఔవర్‌కెర్క్ మ్యూజియానికి తీసుకెళ్లారు. చివరి గండిని పూడ్చడానికి దింపిన కాంక్రీటు పెట్టెల్లోనే ఆ మ్యూజియం ఉంది. పోయినవాళ్ల పేర్లు అక్కడ ఒక్కొక్కటిగా చూపిస్తారు. ఆ గండి పూడింది 1953 నవంబరు 6 రాత్రి అని ఆవిడ అనగానే నేను ఆగిపోయాను. మన కోనసీమ మీద తుపాను విరుచుకుపడింది 1996 నవంబరు 6 రాత్రి. వెయ్యి మందికి పైగా పోయారని చెప్పాను. "మీ ఇంట్లోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయి? మీ ఊళ్లో ఎవరు పోయారు?" అని అడిగారు. నాకు తెలియదు. నేను అప్పటికి పుట్టలేదన్నది నిజమే, కానీ పుట్టాకైనా ఒక్కసారి అడగలేదు.

ఆ సాయంత్రం వాట్సాప్‌లో మా మామ్మకు ఫోన్ చేశాను. ఆ తుపాను నాటికి దీపావళి ఇంకా నాలుగు రోజులుందట. కొబ్బరిచెట్లు విరిగే చప్పుడుకి టపాకాయలు కాలుస్తున్నారనుకుందట పక్కింటి పిల్ల. ఆ పిల్ల తర్వాత దొరకలేదు. మామ్మ ఆ మాట అంతవరకు మా ఇంట్లో ఎవరితోనూ అనలేదు. ఓమాకు తెలుగు రాదు, మామ్మకు వాళ్ల భాష రాదు. నేను చెబుతుంటే ఇద్దరూ ఫోన్‌లో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. మనవాళ్ల గదిలోనే ఉండిపోయి ఉంటే ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లు ఎవరు?

తల్లులకు నేను చెప్పేది ఇదే. అక్కడి కుటుంబంతో ఉండే అవకాశం వస్తే పిల్లల్ని వెనక్కి లాగకండి. జాగ్రత్తలు మాత్రం తప్పవు. గది చూడకుండా, కనీసం వీడియో కాల్‌లో ఇంటి మనిషితో మాట్లాడకుండా డిపాజిట్ పంపవద్దు, ఈ పేరుతో మోసాలు చాలా జరుగుతున్నాయి. ఆ చిరునామా మీద మునిసిపాలిటీలో పేరు నమోదు చేసుకోనిస్తారో లేదో ముందే అడగండి. అది లేకపోతే మన ఆధార్‌లాంటి పౌర సంఖ్య రాదు, జీతం, బ్యాంకు పనులు చిక్కుల్లో పడతాయి. అద్దె కాగితం రాయించుకోండి. వంటిల్లు ఎప్పుడు వాడుకోవచ్చు, స్నేహితులు రావచ్చా, భోజనం అద్దెలో కలిసి ఉందా, అన్నీ మొహమాటం లేకుండా అడగమనండి. వాళ్లేమీ అనుకోరు. కన్సల్టెన్సీలకు ఫీజు కట్టేముందు ఇవే ప్రశ్నలు వాళ్లనూ అడగండి. మీ పత్రిక విద్యా పేజీలో కోర్సులు, ర్యాంకులతోపాటు ఉండే చోటు గురించీ రాయమని కోరుతున్నాను.

ఓమా ఇంట్లో నేనున్న గది ఇప్పుడు ఖాళీగా ఉంది. ఆదివారం ఫోన్‌లో అడిగి చెబుతానని మా వీధి చివరి ఇంటావిడకు మాటిచ్చాను.

— ఒక పూర్వ విద్యార్థిని, కాట్రేనికోన మండలం, కోనసీమ