బారెటో శిక్షకుడిగా చేసిన కృషినీ గుర్తించాలి

సంపాదకులకు,

విదేశీ ఫుట్‌బాల్ ఆటగాళ్ల గురించి మన పత్రికలు వారు గోల్స్ కొట్టినంత కాలమే రాస్తాయి. బ్రెజిల్‌కు చెందిన జోసే రామిరెజ్ బారెటో విషయంలోనూ అదే జరిగింది. 1999లో కోల్‌కతా క్లబ్బు మోహన్ బగాన్‌లో చేరి, జాతీయ లీగ్ విజయాల్లో కీలకపాత్ర పోషించి, మధ్యలో మహీంద్రా యునైటెడ్‌కు ఆడి, మళ్లీ పాత జట్టుకే తిరిగివచ్చి 2012 దాకా కొనసాగిన ఆయన్ను కోల్‌కతా అభిమానులు పచ్చ చిలుక అని ముద్దుగా పిలుచుకున్నారు.

నా దృష్టిలో ఆ తర్వాతి అధ్యాయం అంతకంటే విలువైనది. తొలి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో అట్లెటికో డి కోల్‌కతా జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేసి, అనంతరం నవీ ముంబైలోని రిలయన్స్ ఫౌండేషన్ అకాడమీలో బాలలకు శిక్షణ ఇచ్చారు. డిఫెండర్ వీపుకు ఆనుకుని ఉండగా వచ్చిన బంతిని ఒక్క స్పర్శతో అదుపు చేసి పక్కకు తిరగడం మేటి ఆటగాడికి అలవాటుగా వచ్చేస్తుంది. పద్నాలుగేళ్ల కుర్రాడికి అదే నేర్పాలంటే పాదం ఏ కోణంలో ఉంచాలో, భుజం మీదుగా ఎప్పుడు చూడాలో విడమరిచి చెప్పగలగాలి. ఇక్కడి వానాకాలపు బురద మైదానాలను, ఉక్కపోతను ఏళ్ల తరబడి ఎరిగినవారు చెబితే ఆ పాఠం పిల్లలకు సూటిగా అందుతుంది.

ఒకటి రెండు సీజన్లకే విదేశీయులను తెచ్చి పంపేసే క్లబ్బులు, ఇక్కడ దీర్ఘకాలం ఆడినవారికి యువజట్ల శిక్షణ బాధ్యతను ఒప్పందంలోనే చేర్చాలి. మీ క్రీడా పుటలో వారి పనికి తగిన చోటివ్వాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు